మూడు పిడికిళ్ళ ఉప్పు

చోటే మియా కడుపులో ఉన్న కార్జం అతనిది కాదు, అతని అక్క హలీమాబీది. దాని తూకం ఎంతో కొల్లాపూర్‌లో తెలియనివాళ్ళు లేరు. ఆరు వందల ఇరవై గ్రాములు. ఆపరేషన్ చేసిన డాక్టరు మాటవరసకు చెప్పిన ఆ అంకెను హలీమాబీ గట్టిగా పట్టుకుని, వనపర్తిలో తన వీధివాళ్ళ నుంచి గద్వాలలో మేనత్త మనవల దాకా అందరికీ చేరవేసింది. తమ్ముడు దేనికైనా ఎదురు చెబితే చాలు, "ఆరొందల ఇరవై గ్రాములు ఇచ్చిన్రా నీకు!" అంటుంది. ఇక ఆ తమ్ముడు నోరెత్తడు.

నిజానికి చోటే మియా జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఎప్పుడో పట్టిన కామెర్ల వైరస్ లోపల లోపలే కార్జాన్ని తినేసింది. ఆ మాట నమ్మినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. ఆపరేషన్ అయ్యాక బస్టాండు పక్క కల్లు దుకాణం బృందం మొత్తం పరామర్శకు వచ్చి, "మనసొంటోళ్ళకు ఎప్పటికైనా గిదే గతి భాయ్" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. అతను ఖురాను మీద ఒట్టేసి చెప్పినా, వాళ్ళు ఒకరినొకరు చూసుకుని తలలూపారే తప్ప మాట మార్చుకోలేదు.

ఇదంతా జరిగి పద్నాలుగు నెలలైంది. ప్రాణం దక్కింది. దక్కిన ప్రాణాన్ని కూతురు ఫరా తన చేతిలోకి తీసుకుంది. ఆమె సర్కారు బడిలో లెక్కల టీచరు. ఎనిమిదో తరగతి పిల్లలు ఆమె చెప్పుల చప్పుడు వింటేనే లేచి నిలబడతారు. ఇంట్లో చోటే మియా పరిస్థితి కూడా దాదాపు అంతే. మంచం ఎదురుగా గోడ మీద ఆకుపచ్చ సిరాతో పదకొండు నియమాలు రాసి అంటించింది. గోలీలు పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. మాస్కు తీయకూడదు. పచ్చివి తినకూడదు. బయటి తిండి వద్దు, గుంపు వద్దు, పొగ వద్దు. ఆ గోలీలకు బీపీ పెరుగుతుంది కాబట్టి కూరలో ఉప్పు సగమే, మిగతా సగం ఫరా తన పళ్ళెంలో కలుపుకుంటుంది.

అన్నిటికన్నా ఆ సగం ఉప్పే అతన్ని ఏడిపించింది. ఎందుకంటే చోటే మియా ముప్పై ఏళ్ళుగా దావత్‌ల వంట మాస్టరు. కొల్లాపూర్ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళి జరిగినా, పురుడు జరిగినా ఆయన పెద్ద రాగి గుండిగలు, ఆ దేగులు, పొయ్యి మీదికి ఎక్కాల్సిందే. ఆయనకు ఒక పట్టుదల ఉంది. దేగులో కూరను ఏనాడూ నాలుక మీద వేసుకోలేదు. వంటవాడు రుచి చూస్తే అది ఎంగిలి అనుకునే ఇళ్ళు బోలెడున్నాయి. పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. ఆ మాటకు చోటివ్వకూడదని చిన్నప్పుడే ఉస్తాదు దగ్గర ముక్కుతో ఉప్పు చూడడం నేర్చుకున్నాడు. మూత తీసి, ఆవిరి మీదికి ముఖం వంచి, ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో పిడికెడు" అంటాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

మూడు నెలలకోసారి హైదరాబాదు దవాఖాన నుంచి శిల్ప అనే అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆపరేషన్ తరవాత మనిషి ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవడానికి ఆమె దగ్గర పొడుగాటి ఫారం ఉంటుంది. ప్రశ్నలు చోటే మియాకే, జవాబులు మాత్రం ఫరావి.

"గడిచిన నాలుగు వారాల్లో సార్ ఎంతవరకు సంతోషంగా ఉన్నారు? ఎప్పుడూనా, ఎక్కువగానా, అప్పుడప్పుడా, అసలు లేదా?"

"ఎక్కువగా అని రాసుకోండి" అంది ఫరా.

"జర నన్ను గూడ అడుగుతె మీ నోట్ల ముత్యాలు రాల్తయా?" అని మాస్కులోంచి గొణిగాడు చోటే మియా.

"సార్ తన పని చేసుకుంటున్నారా?" అని శిల్ప అడిగేసరికి ఫరా స్పీకరు ఆపేసి, ఫోను చెవికి పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ సిగ్నలు బాగా వస్తుందేమోనని అతను అనుకున్నాడు.

తిరిగి వచ్చాక ఆమె నెమ్మదిగా తండ్రికి అసలు మాట చెప్పింది. "అబ్బా, నీ దేగులు ఇంట్ల జాగంత ఆక్రమించినయ్. గద్వాల్ ముదస్సిర్ భాయ్ వంటల్ మొదలువెట్టిండు గద, సోమవారం ట్రాలీ తెచ్చి తీస్కపోతడట. ఇంక నీకెందుకు?"

ముదస్సిర్ అతనికి కొడుకు వరసవాడు. మంచివాడే. కానీ ఉప్పును చెంచాతో కొలుస్తాడు. ఆ రోజు చోటే మియా కిచిడి ముట్టలేదు. కార్జం పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు. దేగులు వెళ్ళిపోతే తను ఇక వంట మాస్టరు కాదు, పదకొండు నియమాల కింద మంచం మీద కూచున్న ఒక మందుల డబ్బా, అంతే.

మర్నాడు మాసయ్య వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా దేగుల కింద మంట చూసింది అతనే. చేతులు సబ్బుతో కడుక్కోనిదే లోపలికి రానివ్వరని అతనికి కోపం.

"మియా సాబ్, బాలస్వామి మనుమనికి పుట్టెంట్రుకలు తీస్తుండ్రు. ఆయితారం మామిడితోటల దావత్. వనపర్తి మాస్టరును మాట్లాడుకుంటె ఆయన బండి మీదికెళ్ళి వడి కాలిరగ్గొట్టుకున్నడు. బాలస్వామి తల వట్టుకున్నడు."

"నాకేం జెప్తవ్ మాసన్నా? నేను ఎటు కదల్లేను."

మాసయ్య అటూ ఇటూ చూశాడు. "దేగులు సోమవారం గద పోయేది? ఆయితారం ఇంక మనయే."

ఆదివారం ఫరాకు నాగర్‌కర్నూల్‌లో పరీక్ష డ్యూటీ ఉంది. ఆ సంగతి గుర్తొచ్చి చోటే మియా మాస్కు లోపల నవ్వాడు. పద్నాలుగు నెలల్లో అదే మొదటి దొంగ నవ్వు.

ఆదివారం తెల్లవారగానే ఫరా కిచిడి డబ్బా సర్ది, గోలీలు గిన్నెలో లెక్కపెట్టి, పదకొండు నియమాలూ ఒకసారి నోటితో చదివించి బస్సెక్కింది. గోలీల విషయంలో మాత్రం చోటే మియా దొంగ కాదు. తొమ్మిదింటికి గడియారం చూసుకుని మింగాడు. తరవాత దేగులను ఆటోలో తోటకు పంపించి, ఒక మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుని మాసయ్య బండి వెనక ఎక్కాడు.

తోటలో పొగ అటు పోయేలా గాలి చూసుకుని, జనానికి దూరంగా కుర్చీ వేయించుకున్నాడు. అక్కడి నుంచి చేత్తో సైగ చేస్తే చాలు, మాసయ్య మనుషులు పరుగెత్తి పని చేశారు. ఉల్లిగడ్డ వేగిన వాసన రాగానే అతని నడుము నిటారుగా లేచింది. ముల్లా వచ్చి యాటలను హలాల్ చేశాక, రివాజు ప్రకారం ముందుగా కార్జం వేయించి మొదటి ప్లేటు వంట మాస్టరుకు తెచ్చారు. చోటే మియా దాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. బయటి తిండి ఎలాగూ తినకూడదు. అది కాక, అక్క కార్జం మోస్తూ ఇంకో కార్జం నమలడానికి మనసొప్పలేదు. "మూత వెట్టి పక్కకు వెట్టండ్రి" అన్నాడు.

తరవాత అసలు ఘడియ వచ్చింది. మటన్ దేగు ఉడుకు పట్టింది. అతను లేచి వెళ్ళి, ఒక్క క్షణం మాస్కు కిందికి జరిపి ఆవిరి పీల్చాడు. దొడ్డుప్పు ఒక పిడికెడు వేశాడు. రెండు వేశాడు. మూడో పిడికెడు పడగానే ముక్కు చాలంది.

మాసయ్య నోరు తెరిచాడు. "సాబ్, గీ దేగుకు ముప్పై ఏండ్లసంది ఆరు పిడికిళ్ళు వడ్తయ్."

"నా ముక్కుకు నువ్వు నేర్పుతవా? ఇంకొకటేస్తె నోట్లె వెట్టరాదు."

మాసయ్యకు మనసాగలేదు. తంబాకు నమిలీ నమిలీ అతని నాలుక ఎప్పుడో మొద్దుబారింది, తను చూసి లాభం లేదు. పొగకు ముఖానికి చుట్టుకున్న తువాలు తీయకుండానే ఒక గిన్నెలో కాస్త కూర పోసుకుని, మాస్టరు చూడకుండా ఆడవాళ్ళ వైపు వెళ్ళాడు. అక్కడ చెట్టు కింద నులక మంచం మీద ముసుగు వేసుకున్న ఒక బుర్ఖా ఆమె ఒంటరిగా కూచుని ఉంది. ఆమె గిన్నె అందుకుని మొత్తం తాగేసింది.

"ఉప్పు బరాబర్ ఉంది కొడకా. ఎన్నొద్దులకు నోట్లె పానం వడ్డది" అంది.

మాసయ్య లెంపలు వేసుకుని వచ్చాడు. మాస్టరు ముక్కును అనుమానించినందుకు తన మీద తనకే సిగ్గేసింది.

మొదటి బంతి కూచుంది. బగారన్నం, మటన్ వడ్డించారు. గద్వాల నుంచి వచ్చిన బాలస్వామి వియ్యంకుడు రెండు ముద్దలు తిని, "ఉప్పు తెండ్రి" అన్నాడు. పక్కాయనా అదే మాటన్నాడు. చూస్తుండగా విస్తరి విస్తరికీ ఉప్పు ప్యాకెట్టు తిరగడం మొదలైంది. బాలస్వామి తల్లి పెంటమ్మకు డెబ్బై ఏళ్ళు దాటినా గొంతు మాత్రం తగ్గలేదు. "ఇది దావత్ కూరనా, దవాఖాన కూరనా? ఎవడ్రా వండినోడు?" అని తోటంతా వినబడేలా అరిచింది.

చోటే మియా ఆ మాట విన్నాడు. కట్టెల కుప్ప వెనక్కి వెళ్ళి కూచున్నాడు. ముప్పై ఏళ్ళ ముక్కు చచ్చిపోయింది. ఫరా చెప్పిందే నిజం, ఇంకెందుకు తనకు దేగులు? ముదస్సిర్ పట్టుకుపోనీ, చెంచాతో కొలుచుకోనీ. అతనికి ఏడుపొచ్చింది. రెండు మాస్కులూ తడిశాయి.

అటు ఆడవాళ్ళ వైపు వేరే గొడవ లేచింది. బుర్ఖా ఆమె పెంటమ్మ మీదికి లేచింది. "నీ నాలిక కాలిందా పెంటక్కా? గింత మంచి కూరకు పేరు వెడ్తవా? ఏ మాస్టరో నేనే పొయ్యి శెబాష్ అని వస్త" అని వంటల వైపు దూసుకొచ్చింది. కట్టెల కుప్ప దాటి, ముసుగు ఎత్తి, కూచున్న మనిషిని చూసింది.

"చోటే!"

చోటే మియా లేచి నిలబడ్డాడు. "ఆపా! నువ్వేంది ఇక్కడ?"

"నేనేందా? నువ్వేంది? పొగల, గుంపుల! ఆరొందల ఇరవై గ్రాములు ఇచ్చింది కట్టెల పొయ్యిల కాలవెట్టెతందుకా?" అని హలీమాబీ తమ్ముడి చెవి పట్టుకుంది.

"మరి నిన్ను నవీద్ మంచం దిగనియ్యడు గద? ఎట్లొచ్చినవ్?"

హలీమాబీ చెవి వదిలేసింది. నవీద్ ఆమె కొడుకు. ఆమె చూపు కాస్త పక్కకు జరిగింది. "తమ్మునికి పానం బాగలేదు, సూసొస్తనని చెప్పిన."

"నన్ను సూడనీకొచ్చి ఇక్కడ దిగినవా?"

"ముందు పెంటక్క ఇంటి దావత్. ఎన్క నువ్వు. నువ్వు యాడికి పోతవ్?" అంది హలీమాబీ. తరవాత తన గోడు వెళ్ళబోసుకుంది. "ఏం జెయ్యాల్రా మరి? నా కార్జం మూడు నెల్లకే మల్ల పెరిగిందని డాక్టర్ జెప్పిండు. గీ నవీద్‌కు మాత్రం ఇంగ పెరగలే. బిందె ముట్టనియ్యడు. మెట్లెక్కనియ్యడు. నీకిచ్చిన కాగితం జూసి కోడలు నాకు గూడ సప్పిడి కూరలే పెడ్తది. ఇయ్యాల నీ కూర తింటె పానం లేసొచ్చింది. వీళ్ళకేమో ఉప్పు లేదంట, వీళ్ళ నోర్లు పాడుగాను!"

చోటే మియా కళ్ళు తుడుచుకోవడం ఆపాడు. "ఆపా, జర ఆగు. నీకు గూడ ఇంట్ల ఉప్పు సగమేనా?"

"సగమే. పద్నాలుగు నెల్లసంది."

"నీకు కూర బరాబర్ ఉంది."

"బరాబర్."

"నేనేసింది మూడు పిడికిళ్ళు. వెయ్యాల్సింది ఆరు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది హలీమాబీ. తరవాత ఇద్దరూ పొట్టల మీద చేతులు అడ్డం పెట్టుకుని, పాత కుట్లు లాగేదాకా నవ్వారు. ముక్కు చావలేదు. సగం ఉప్పుకు అలవాటుపడి, దావత్‌కు కూడా సగమే చాలని చెప్పింది. అక్క నాలుక దానికి సాక్ష్యం పలికింది.

"మాసన్నా!" అని చోటే మియా కేక వేశాడు. "ఇంగో మూడు పిడికిళ్ళు ఉడుకు నీళ్ళల్ల కరిగించి తే. నా ముక్కు ఎంత చెప్తె దానికి రెండింతలని యాద్ వెట్టుకో."

రెండో బంతి కూచుంది. ఉప్పు ప్యాకెట్టు ఎవరూ అడగలేదు. ఎముకలు పీల్చే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. పెంటమ్మ రెండోసారి విస్తరి వేయించుకుని, మొదటిసారి అరిచింది తను కానట్టే తిని లేచింది.

చోటే మియా మూత పెట్టించిన కార్జం ప్లేటును మళ్ళీ పెనం మీద వేడి చేయించి అక్క ముందు పెట్టాడు. "మాస్టరు పల్లెం ఆపా. ఇయ్యాలటికెల్లి ఇది నీదే."

హలీమాబీ ముక్కలు లెక్కపెట్టింది. "ఆరొందల ఇరవై గ్రాములిస్తె నాలుగు ముక్కలు పెడ్తున్నవా?" అని తమ్ముడి వీపు మీద ఒకటేసి, మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే బాలస్వామి కోడలు రజిత, అక్కాతమ్ముళ్ళ నవ్వు ముచ్చటగా ఉందని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టింది. రజిత ఫరా బడిలోనే తెలుగు టీచరు. ఆ సంగతి చోటే మియాకు తెలియదు.

పావుగంటలో ఫోన్ మోగింది.

"అబ్బా, ఏం చేస్తున్నవ్?"

"పండుకున్న బిడ్డా."

"కిచిడి తిన్నవా?"

"ఇప్పుడే తిన్న."

"మంచిది. రజిత మేడం స్టేటస్‌ల నీ ఎన్క దేగు గూడ పండుకున్నట్టుంది."

చోటే మియా ఫోను అక్క చేతిలో పెట్టాడు. హలీమాబీ దాన్ని ముట్టకుండానే మళ్ళీ అతని చేతిలోకి తోసింది. ఎప్పుడూ ఎవరికీ భయపడని ఆమె కూడా లెక్కల టీచరుకు భయపడింది.

చోటే మియా దేగులతో, అక్కతో ఇల్లు చేరిన కాసేపటికి, సాయంత్రం ఫరా వచ్చింది. నేరుగా తండ్రి మంచం దగ్గరికి నడిచింది. అతని నుదురు ముట్టి చూసింది, బీపీ చూసింది, రాత్రి తొమ్మిదికి గోలీలు ఇచ్చింది. చిన్న దగ్గు వచ్చినా దవాఖానకు ఫోన్ చేసే పిల్ల, ఇంత పెద్ద నేరం జరిగితే శిల్పకు ఎందుకు చెప్పలేదో చోటే మియాకు అర్థం కాలేదు. రాత్రంతా ఆలోచించాడు. పొద్దున గోలీలు మింగాక, మనసులో ఇంకేం దాచుకోలేక తనే శిల్ప నంబరు నొక్కాడు. చూడకుండానే స్పీకరు మీద వేలు పడింది.

"బిడ్డా, నేను తప్పు జేసిన. నిన్న దావత్‌ల వంట జేసిన. మాస్కు వెట్టుకున్న, పొగకు దూరం గూసున్న, రుచి సూడలే. కానీ చేసిన."

"చాలా మంచిది సార్!" అంది శిల్ప. "జాగ్రత్తలతో పని మొదలుపెట్టొచ్చని ఎనిమిదో నెలలోనే డాక్టర్‌గారు రాశారు కదా. మొన్న కూడా అడిగాను. మీకే ఇష్టం లేదని మీ అమ్మాయి చెప్పారు."

హలీమాబీ మంచం మీద లేచి కూచుంది. చోటే మియా తలుపు దగ్గర నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఎనిమిదో నెల నుంచి పద్నాలుగో నెల దాకా ఆరు నెలలు. అరవడానికి నోరు తెరిచాడు. అంతలోనే ఆమె ముఖం చూశాడు.

"ఐసీయూ అద్దంల కెల్లి నిన్ను సూసింది నేను అబ్బా" అంది ఫరా. "నీకేం యాదికి లేదు. నాకంత యాదికుంది. పద్దెనిమిది రోజులు. మల్ల అక్కడ నిలబడే తాకత్ నాకు లేదు. గందుకే అబద్ధం చెప్పిన." ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. తన కోపం ఎటు పోయిందో చోటే మియాకే తెలియలేదు. లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తను దొంగతనంగా దావత్‌కు వెళ్ళాడు, అక్క దొంగతనంగా వచ్చింది, ఈ పిల్ల ఆరు నెలలుగా ఇద్దరికన్నా పెద్ద దొంగ. ఇంట్లో సత్యవంతుడు ఒక్కడూ లేడని అతనికి నవ్వు కూడా వచ్చింది.

"సార్, లైన్లో ఉన్నారా?" అని శిల్ప అడిగింది. "ఫారంలో మార్చి రాస్తాను. పనిలో మీకేమన్నా ఇబ్బంది ఉందా?"

"ఉంది బిడ్డా. ఉప్పు సగమే తెలుస్తుంది."

"దానికి ఇందులో గడి లేదు సార్. పోనీ, పనిలో సాయం చేసేవాళ్ళు ఉన్నారా?"

చోటే మియా కూతురి వైపు చూశాడు. "ఉన్నది. నాలిక మంచిదే. కోపమే జర ఎక్కువ."

అప్పుడే గేటు బయట ట్రాలీ హారన్ మోగింది. గద్వాల నుంచి ముదస్సిర్ దేగుల కోసం వచ్చాడు. ఫరా చున్నీతో ముఖం తుడుచుకుంది, తండ్రి చెయ్యి తన తల మీద నుంచి తీసి, చెప్పులు టకటకలాడిస్తూ గేటు దాకా నడిచింది.

"ముదస్సిర్ భాయ్, చాయ్ తాగి పో. దేగులు మాత్రం ఖాళీ లేవు. వచ్చే ఆయితారం అబ్బాకు దావత్ ఉంది."

"ఎవరింట్ల?" అని ముదస్సిర్ అడిగాడు.

"ఎవరింట్లనో ఇంక చూడాలె" అంది ఫరా. లోపలికి వచ్చి ఆకుపచ్చ పెన్ను తీసి, గోడ మీది కాగితంలో పదకొండో నియమం కింద పన్నెండోది రాసింది. దేగులో ఉప్పు ఫరా చూస్తుంది, విడిగా గిన్నెలో.